పండగ ఖర్చుల కార్డు బిల్లు: మినిమమ్ డ్యూ కడితే ఏమవుతుంది?

(తెర మీద: క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్. టోటల్ డ్యూ రూ. 60,000. మినిమమ్ డ్యూ రూ. 3,000.)

సంక్రాంతికి బట్టలు, ఊరికి బస్సు టికెట్లు, కొత్త అల్లుడికి పెట్టుపోతలు, ఇంట్లోకి ఫ్రిజ్. అన్నీ కార్డు మీదే గీశారు. ఇప్పుడు 60,000 బిల్లొచ్చింది. దాని కిందే మినిమమ్ డ్యూ 3,000 అని ఉంది. ఈ నెలకి ఇది కట్టేస్తే చాల్లే అనిపిస్తుంది. అది కడితే లేటు ఫీజు తప్పుతుంది. వడ్డీ మాత్రం ఆగదు.

ఊళ్లో ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అంటే దండం పెట్టి వచ్చేస్తాం. చాలా కార్డుల వడ్డీ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. నెలకు 3.5 శాతం అంటే ఏడాదికి 42. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిస్తే నూటికి నాలుగు రూపాయలు దాటిపోతుంది.

(తెర మీద: క్యాలెండర్. జనవరి 10, జనవరి 20, ఫిబ్రవరి 9, ఫిబ్రవరి 20.)

లెక్క వేసి చూద్దాం. జనవరి 10న 60,000 గీశారు. 20న బిల్లు వచ్చింది. ఫిబ్రవరి 9 ఆఖరి తేదీ. ఆ రోజు 3,000 కట్టారు. బిల్లు మొత్తం కట్టలేదు కాబట్టి వడ్డీ లేని గడువు పోయింది. ఇక వడ్డీ లెక్క గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి మొదలవుతుంది. 60,000 మీద 30 రోజులకు 2,071. మిగిలిన 57,000 మీద తర్వాతి బిల్లు వచ్చే ఫిబ్రవరి 20 దాకా 11 రోజులకు 721. జీఎస్టీ 503. అన్నీ కలిపి 3,295.

(తెర మీద: కొత్త బిల్లు రూ. 60,295.)

మూడు వేలు కట్టాక కూడా బాకీ మొదటికంటే 295 పెరిగింది!

ఇంకో చిక్కు. పాత బాకీ ఉన్నంతకాలం అదే కార్డు మీద కొత్తగా ఏం కొన్నా, ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. పెట్రోలైనా, కిరాణా అయినా అంతే. అందుకే ముందు ఆ కార్డు వాడకం ఆపండి. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు తీసేయండి. దాని మీద నెలనెలా ఆటోమేటిక్‌గా పోయే చెల్లింపులు ఏమున్నాయో వెతికి ఆపండి. చాలామంది మరిచిపోయేది వీటినే.

మొత్తం ఒకేసారి కట్టలేకపోతే, గడువు తేదీలోపే బిల్లును ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. ఏడాదికి 16 శాతం చొప్పున ఇచ్చారనుకుందాం. 60,000కు 12 నెలలు, నెలకు సుమారు 5,444. వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి 6,300 దాకా అవుతుంది. ఈఎంఐ చేయించకుండా కార్డు వడ్డీకే వదిలేసి నెలకు అదే 5,444 కడుతూ పోతే తీరడానికి 15 నెలలు పడుతుంది, వడ్డీ 21,000 దాటుతుంది. ఒప్పుకునే ముందు మూడు సంగతులు అడగాలి: వడ్డీ రేటెంత, ప్రాసెసింగ్ ఫీజెంత, మధ్యలో తీర్చేస్తే అదనంగా ఎంత పడుతుంది.

ఇంట్లో బంగారం ఉంటే మా ఓటు బ్యాంకు గోల్డ్ లోన్‌కే. వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీలో నాలుగో వంతు. కానీ అసలూ వడ్డీ ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి తీసుకుంటే చాలామంది అక్కడే దెబ్బతింటారు. చివర్లో డబ్బు చేతికందక వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయిస్తారు, నగ బ్యాంకులోనే ఉండిపోతుంది. అదీ కట్టకపోతే వేలం నోటీసు వస్తుంది. నెలనెలా అసలు కూడా కొంత జమ చేసే ఏర్పాటు అడగండి.

ఈ కార్డు బిల్లు కట్టడానికి ఇంకో కార్డు మీద ఏటీఎంలో డబ్బు తీయొద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా ఫీజు. లోన్ యాప్ ఏదైనా మీ ఫోన్‌లోని కాంటాక్టులు చూసే అనుమతి అడిగితే, అది ఆర్‌బీఐ నిబంధనలకు విరుద్ధం. వెంటనే తీసేయండి.

(తెర మీద: ఉదయం 8 – సాయంత్రం 7.)

ఇప్పటికే వాయిదాలు తప్పి ఫోన్లు వస్తున్నాయా? రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులకు చెప్పి పరువు తీస్తామని బెదిరించకూడదు. అలా చేస్తే కాల్ వివరాలు దాచుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకు 14448.

సగం కట్టండి, సెటిల్ చేసేస్తాం అంటే తొందరపడకండి. మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని కాదు, ‘సెటిల్డ్’ (కొంతే కట్టి తేల్చుకున్నారు) అని పడుతుంది. రేపు ఇంటి లోన్‌కు వెళ్తే దాన్నే చూపించి ఆపేస్తారు. వేరే దారి లేక ఒప్పుకోవాల్సి వస్తే, ఎంత కట్టాలి, ఏ తేదీలోగా అన్నది బ్యాంకు లెటర్‌హెడ్ మీద చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. ఏజెంటు సొంత నంబరుకు కాదు, కార్డు ఖాతాకే పంపండి. కట్టాక బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ అడిగి తీసుకోండి.