ముందు పేరు పెట్టారు, తరువాత కాల్చారు: తియానన్మెన్‌పై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. సొంత పౌరుల మీదికి సైన్యాన్ని పంపిన ప్రభుత్వం ఆ పనిని ఏ మాటలతో సమర్థించుకుంటుందన్నది ఈనాటి చర్చ. 1989 జూన్ 3 రాత్రి, 4 తెల్లవారుజామున చైనా రాజధాని బీజింగ్‌లో, తియానన్మెన్ చౌక్‌లో చేరిన విద్యార్థుల ఉద్యమాన్ని అణచడానికి సైన్యం జరిపిన కాల్పులను ముందు పెట్టుకుందాం. మేడమ్, మీరు ఎక్కడ మొదలుపెడతారు?

చరిత్ర అధ్యాపకురాలు: కాల్పులకు 38 రోజుల ముందు, ఏప్రిల్ 26న కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీలో వచ్చిన సంపాదకీయంతో మొదలుపెడతానండీ. ఏప్రిల్ 15న మరణించిన సంస్కరణవాది, పార్టీ మాజీ ప్రధాన కార్యదర్శి హు యావోబాంగ్‌కు నివాళిగా చౌక్‌లో చేరిన విద్యార్థులు, అవినీతిని అరికట్టాలనీ పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వాలనీ అడుగుతుంటే, ఆ సంపాదకీయం దాన్ని ‘దోంగ్‌లువాన్’ అన్నది, అంటే అల్లకల్లోలం. సాంస్కృతిక విప్లవం నాటి పదేళ్ల అరాచకానికి కూడా చైనాలో వాడే మాట అదే. ఆ రోజుల్లో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారికి గుండె జారిపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

పాత్రికేయుడు: ఆ ముద్రను తొలగించాలన్నది విద్యార్థుల ముఖ్యమైన కోరికల్లో ఒకటైంది, మే 13న నిరాహారదీక్షకు కూర్చున్నప్పుడూ అదే అడిగారు. పార్టీ ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్ పట్టు సడలించాలని చూసినందుకు పదవి పోగొట్టుకుని, 2005లో కన్నుమూసేదాకా గృహనిర్బంధంలో ఉన్నారు. అన్న మాటను వెనక్కి తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పార్టీ పెద్దలు మే 20న సైనిక శాసనానికే సిద్ధపడ్డారు.

వ్యాఖ్యాత: అయితే సైనికులు కూడా చనిపోయారు, వాహనాలు తగలబడ్డాయి. ప్రభుత్వం చూపేది అదే కదా?

చరిత్ర అధ్యాపకురాలు: చనిపోయారు, ఆ మాట దాచకూడదు. కానీ జూన్ 9న చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ సైన్యాధికారులతో మాట్లాడుతూ మౌనం పాటిద్దామన్నది అమరులైన సైనికుల కోసం, పోలీసుల కోసం. అప్పటికి అల్లకల్లోలం కాస్తా ‘ప్రతివిప్లవ తిరుగుబాటు’ అయింది. తిరుగుబాటుదారుడి శవం దగ్గర ఎవరూ తల వంచనక్కర్లేదు. ఆ పేరు పెట్టిందే అందుకని నా అభిప్రాయం. జూన్ 3 రాత్రి ఒక పదిహేడేళ్ల కుర్రవాడు, బయటికి వెళ్లొద్దని తల్లి బతిమాలుతున్నా వినక, స్నానాలగది తలుపు గడియ వేసుకుని కిటికీలోంచి బయటపడి వెళ్లి, తూటా తగిలి చనిపోయాడు. ఆ తల్లి అధ్యాపకురాలు డింగ్ జిలిన్. ఆ పిల్లవాడు ఏ తిరుగుబాటు చేశాడండీ?

పాత్రికేయుడు: తరువాత ఆ మాట కూడా మెత్తబడింది. అధికారులు ‘ఫెంగ్‌బో’ అనసాగారు. విడదీసి చూస్తే గాలి, అల. గాలికీ అలకూ కర్త ఉండడు, కాల్చమన్నదెవరన్న ప్రశ్నే రాదు. 2019లో సింగపూర్ సదస్సులో అప్పటి చైనా రక్షణమంత్రి వెయ్ ఫెంఘే ఆ అణచివేత సరైన విధానమేననీ, ఆ తరువాత దేశం సాధించిన స్థిరత్వమే అందుకు రుజువనీ అన్నారు. ముప్పై ఏళ్ల అభివృద్ధిని చూపి ఒక రాత్రి చేసిన హత్యలను సమర్థించబోవడం నాకు అన్నిటికంటే క్రూరంగా అనిపిస్తుంది.

వ్యాఖ్యాత: మృతుల సంఖ్య మాటేమిటి?

చరిత్ర అధ్యాపకురాలు: జూన్ 6న ప్రభుత్వ ప్రతినిధి యువాన్ ము సైనికులతో కలిపి సుమారు 300 అన్నారు. పేర్లు మాత్రం ప్రభుత్వం ఇప్పటికీ ప్రకటించలేదు. డింగ్ జిలిన్, ఆమెలాగే బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు, పోలీసుల నిఘాలోనే ఇల్లిల్లూ వెతికి 200కు పైగా పేర్లు రాసిపెట్టారు. అందులో ఆమె కొడుకు జియాంగ్ జీలియన్ పేరు కూడా ఉంది.