అద్దె కోసం ఫ్లాటు కొనేముందు

శ్రోతలకు నమస్కారం. ఉద్యోగ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ముతోనో, బ్యాంకు రుణంతోనో హైదరాబాదులో ఒక ఫ్లాటు కొని, దాని అద్దెతో నిశ్చింతగా ఉండాలనుకునే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ కోరికను నేను తప్పుపట్టను. అయితే అడ్వాన్సు ఇవ్వకముందే ఒక లెక్క కాగితం మీద వేసుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

70 లక్షల రూపాయల ఫ్లాటునే తీసుకుందాం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు ఏడున్నర శాతం చొప్పున 5 లక్షల 25 వేలు అవుతాయి. అలమారాలు, ఫ్యాన్లు, గీజర్లు పెట్టించేసరికి మొత్తం పెట్టుబడి 78 లక్షలకు చేరుతుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ అదనం. భవనంలో నివసించవచ్చని అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఆ పన్ను ఉండదు. నెలకు 20 వేలు అద్దె వస్తుందనుకున్నా, ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే వచ్చేది 2 లక్షల 20 వేలు. అందులో ఆస్తి పన్నుకు, రంగులకు, ప్లంబింగు మరమ్మతులకు, ఖాళీ నెల మెయింటెనెన్సుకు 30 వేలు తీసివేస్తే, మిగిలిన 1 లక్షా 90 వేలు మన పెట్టుబడి మీద రెండున్నర శాతం కూడా కాదు. 50 లక్షల రుణాన్ని ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలకు కట్టవలసిన వాయిదా 43 వేలు దాటుతుంది. అద్దెతోనే వాయిదా తీరిపోతుందని ఎవరైనా చెబితే దయచేసి నమ్మకండి. భూమి విలువ పెరుగుతుందన్న ఆశతో కొంటున్నామా, నెలనెలా ఆదాయం కోసం కొంటున్నామా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. రెండోదే అవసరమైన పెద్దవారికి, ఉన్న సొమ్మంతా ఒకే ఫ్లాటులో పెట్టడం మంచిది కాదని నా అభిప్రాయం.

కొనదలచినవారు ఫ్లాటును వేసవిలో ఒకసారి చూడాలి. నగరపు పడమటి వైపు చాలా చోట్ల ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీదే ఆధారపడవలసి వస్తుంది. రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో వాచ్‌మన్‌నూ, అసోసియేషన్ వారినీ అడిగితే తెలుస్తుంది. నీళ్లు లేని ఇంట్లో అద్దెకున్నవారు నిలవరు.

కాగితాల విషయంలో ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఈసీ, పాత యజమానుల నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఫ్లాటుకు రాసిచ్చే భూమి వాటా న్యాయవాదికి చూపించాలి. కొత్త ప్రాజెక్టు అయితే స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరాలో నమోదైందో లేదో చూడాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా బిల్డరు పది శాతానికి మించి సొమ్ము తీసుకోకూడదని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది.

ఆదాయపు పన్నులో, కట్టిన ఆస్తి పన్ను పోగా మిగిలిన అద్దె నుంచి, ఖర్చు ఎంతైనా 30 శాతం తగ్గిస్తారు. రుణం మీద వడ్డీని కూడా తగ్గించుకోవచ్చు. దానివల్ల నష్టం తేలితే పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతం నుంచి తగ్గించుకోవచ్చు గాని, కొత్త విధానంలో ఆ వీలు లేదు. విదేశాల్లో ఉన్న మన పిల్లల పేరిట ఫ్లాటు ఉంటే, అద్దె ఎంత తక్కువైనా అద్దెకున్నవారు టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. చాలామందికి తెలియని ఈ సంగతిని ఒప్పందంలోనే రాయడం ఉభయులకూ క్షేమం.

ఇల్లు అడగడానికి వచ్చినవారి కులాన్నీ, తినే తిండినీ ఆరా తీసి తిప్పి పంపడం మాత్రం మానుకోవాలి. అది మనిషిని అవమానించడమే కాక, ఇల్లు ఖాళీగా ఉంచుకోవడం కూడా. ఉద్యోగం, గుర్తింపు పత్రం, ఇదివరకటి ఇంటి యజమాని మాట చూసుకుంటే చాలు. సాధారణంగా పదకొండు నెలల ఒప్పందాలే రాసుకుంటారు, ఎందుకంటే ఏడాదికి మించిన ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అడ్వాన్సు ఎంత, రంగుల ఖర్చు ఎవరిది, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. తాళాలు ఇచ్చే రోజున కరెంటు మీటరు రీడింగును, గదుల స్థితిని ఫోటోలతో సహా నమోదు చేసి, ఇద్దరూ సంతకాలు పెట్టి చెరొక ప్రతి ఉంచుకోవాలి.