పోస్ట్‌గ్రెస్‌లో వాల్ సైజు ఎంత పెట్టాలి?

[తెరపై: సర్వర్ లాగ్‌లోని ఒక హెచ్చరిక]

నమస్కారం. చెక్‌పాయింట్లు మరీ తరచుగా, 14 సెకన్లకొకటి చొప్పున జరుగుతున్నాయని, మ్యాక్స్_వాల్_సైజ్ పెంచే సంగతి ఆలోచించమని ఇక్కడ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వరే చెబుతోంది. వెంటనే ఏదో ఒక పెద్ద అంకె వేసి ఊరుకునే ముందు, ఆ అంకె దేనిని శాసిస్తుందో చూద్దాం.

డేటాబేస్‌లో ఏ మార్పు జరిగినా అది ముందుగా రైట్ అహెడ్ లాగ్‌లో, అంటే వాల్‌లో, నమోదవుతుంది; అసలు టేబుల్ ఫైళ్లలోకి ఆ మార్పులన్నిటినీ చేర్చి, ఇక్కడిదాకా లెక్క సరిపోయిందని గీత గీసే పనే చెక్‌పాయింట్. ఆ గీతకు వెనకనున్న వాల్, క్రాష్ తరువాతి రికవరీకి అక్కరలేదు. మ్యాక్స్_వాల్_సైజ్ ఈ గీత ఎంత తరచుగా పడాలో చెప్పే కొలతే తప్ప, పేరును బట్టి చాలామంది అనుకునేటట్టు, డిస్కుకు కట్టిన గట్టు కాదు. ఆర్కైవింగ్ (వాల్ ఫైళ్లను వేరేచోట భద్రపరచడం) విఫలమవుతున్నా, ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ (నకలు సర్వర్ అందుకునేదాకా వాల్‌ను అట్టిపెట్టే ఏర్పాటు) ఒకటి మిగిలిపోయినా వాల్ ఆ హద్దు దాటి పెరుగుతూనే ఉంటుంది. అలా డిస్కు నిండినప్పుడు వాల్ ఉండే పీజీ_వాల్ ఫోల్డరులోని ఫైళ్లను చేత్తో తొలగించడం కన్నా పెద్ద పొరపాటు లేదు. స్లాట్ల బెడదకు 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అనే వేరే సెట్టింగు ఉంది.

[తెరపై: 1 జీబీ ÷ 1.9]

డిఫాల్ట్ విలువ 1 జీబీ. అయితే వాల్ 1 జీబీ చేరేదాకా సర్వర్ ఆగదు. ఒక చెక్‌పాయింట్ నడుస్తుండగా చేరే కొత్త వాల్‌కు కూడా చోటుంచాలి కనుక, కంప్లీషన్ టార్గెట్ (రెండు చెక్‌పాయింట్ల మధ్య వ్యవధిలో ఎంత భాగంలో చెక్‌పాయింట్ పని పూర్తి కావాలో చెప్పే సెట్టింగు) 0.9 ఉన్నప్పుడు, 1 జీబీని 1 + 0.9తో, అంటే 1.9తో, భాగిస్తే వచ్చే సుమారు 530 ఎంబీ దగ్గరే తరువాతి చెక్‌పాయింట్ మొదలవుతుంది. పైగా ప్రతి చెక్‌పాయింట్ తరువాత ఒక పేజీని, అంటే టేబుల్ ఫైలులోని ఒక ముక్కను, మొదటిసారి మార్చినప్పుడు, మారినది నాలుగు బైట్లే అయినా, 8 కేబీల పేజీ మొత్తం వాల్‌లోకి వెళుతుంది. అంటే చెక్‌పాయింట్లు దగ్గరైన కొద్దీ వాల్ పెరుగుతుంది, వాల్ పెరిగిన కొద్దీ చెక్‌పాయింట్లు ఇంకా దగ్గరవుతాయి.

ఇక కొలవడం. రద్దీ వేళలో, వాల్ ప్రస్తుతం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్ ఫంక్షన్ ఇచ్చిన విలువను రాసుకుని, 5 నిమిషాల తరువాత మళ్లీ తీసుకుని, పీజీ_వాల్_ఎల్‌ఎస్‌ఎన్_డిఫ్‌తో తేడా చూడండి. అది 4 జీబీ వచ్చిందనుకుందాం. రెండు చెక్‌పాయింట్ల మధ్య గరిష్ఠ వ్యవధిని చెప్పే చెక్‌పాయింట్_టైమౌట్‌ను డిఫాల్ట్ 5 నిమిషాల నుంచి 15 నిమిషాలకు పెంచదలిస్తే ఆ వ్యవధికి 12 జీబీ, దానిని 1.9తో గుణిస్తే దాదాపు 23 జీబీ. నేనైతే 24 పెడతాను. పూర్తి పేజీలు రాయడం తగ్గుతుంది కనుక నిజానికి అంత పట్టకపోవచ్చు. పీజీ_వాల్ ఉన్న డిస్కులో మాత్రం అంతకు మించిన ఖాళీ ఉండాలి. క్రాష్ అయితే రికవరీకి ఎక్కువ సమయం పడుతుందన్నది కూడా ఒప్పుకునే ఈ అంకె వేయాలి.

మిన్_వాల్_సైజ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: పాత ఫైళ్లను తొలగించకుండా తిరిగి వాడుకోవడానికి కనీసం ఎంత అట్టిపెట్టాలో చెబుతుంది, డిఫాల్ట్ 80 ఎంబీ.

[తెరపై: చెక్‌పాయింట్ లాగ్ వరుసలు]

ఈ మార్పుకు సర్వర్‌ను రీస్టార్ట్ చేయనవసరం లేదు, రీలోడ్ చాలు. తరువాత ఒకటి రెండు రోజులు లాగ్ గమనించండి. చెక్‌పాయింట్ మొదలైన చోట సాధారణంగా కారణం ‘టైమ్’ అనో ‘వాల్’ అనో ఉంటుంది. రద్దీ వేళలో కూడా ‘టైమ్’ అనే కనిపిస్తుంటే మీరు పెట్టిన సైజు సరిపోయినట్టే.