పాత దుప్పటి, 15 ఇత్తడి గుండీలు: థ్రిఫ్ట్ స్టోర్ పైరేట్ సామగ్రి రివ్యూ

నమస్కారం. ఈ వీడియోకు కారణం నా కుడివైపు బల్లమీద కనిపిస్తున్న ఈ అట్టపెట్టె. వేషధారణ దుస్తులు అమ్మే ఒక కంపెనీ వారు చొక్కా, కోటు, ప్యాంటు, టోపీ, నడికట్టు అన్నీ కలిపి సంపూర్ణ పైరేట్ (ఓడదొంగ) సెట్ అనే పేరుతో నాకు ఉచితంగా పంపించారు. డబ్బు ఇవ్వలేదు, నేను అడగలేదు. ఏం చెప్పాలో వారు చెప్పలేదు. వారి పేరు నేనెందుకు ఎత్తడం లేదో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. కొలతలు, రంగులు, ధర జోలికి వెళ్ళను. ఎడమవైపు ఉన్న ఈ కుప్ప మాత్రం జాక్సన్‌విల్ చుట్టుపక్కల ఉన్న థ్రిఫ్ట్ స్టోర్లలో, అంటే వాడిన వస్తువులు చవకగా అమ్మే దుకాణాల్లో, నేను ఏరి తెచ్చుకున్నది. మొత్తం కుప్పకు 40 డాలర్లు కూడా కాలేదు.

మా ఫ్లోరిడాలో పైరేట్ వేషం రెండు రకాలుగా వేస్తారు. టాంపాలో 1904 నుంచి జరుగుతున్న గాస్పరిల్లా అనే ఓడదొంగల వేషాల ఉత్సవం మొదటి రకం. దానికి మూలపురుషుడుగా చెప్పే జోసె గాస్పర్ అనే ఓడదొంగ కల్పిత పాత్ర కాబట్టి అక్కడ మెరుపుల బూట్లు వేసుకున్నా ఎవరూ తప్పుపట్టరు. సెయింట్ అగస్టీన్‌లో 1668లో ఓడదొంగ రాబర్ట్ సెర్ల్ అక్కడి స్పెయిన్ వలస మీద చేసిన దాడిని మళ్ళీ నటించి చూపించే రీఎనాక్టర్లది రెండో రకం. ఆ దాడి జరిగిన తరువాతనే స్పెయిన్ వారు 1672లో అక్కడ రాతికోట కట్టడం మొదలుపెట్టారు. ఆ కోట నేటికీ నిలిచి ఉంది. ఈ రెండో రకం శిబిరాలలో చొక్కా దగ్గరగా చూసి, ఏ గుడ్డతో కుట్టావు, కాజాలు చేత్తో కుట్టావా అని అడుగుతారు. నేను చూపించబోయేది సెర్ల్ కాలానికి కాక, 1715 నుంచి 1722 వరకు గల కాలానికి సరిపోయే సామగ్రి. 1713లో స్పెయిన్ వారసత్వ యుద్ధం ముగియడంతో కొలువు పోయిన నావికులు ఎందరో ఓడదొంగలుగా మారినది అప్పుడే.

కంపెనీ వారి చొక్కాతో మొదలుపెడతాను, ఎందుకంటే నా కోపమంతా దానిమీదనే ఉంది. మెడ దగ్గర ఈ లోహపు రింగులు చూడండి. వీటిలోంచి తాడు ఎక్కించి ఛాతీమీద అల్లుకునే చొక్కా ఏ ఓడదొంగా వేసుకోలేదు. పోటుకొట్టి బిగించే ఇటువంటి రింగులు 19వ శతాబ్దపు సరుకు. 1718 నాటి చొక్కాకు మెడ దగ్గర ఒక నిలువు చీలిక, కాలరుకు దారంతో అల్లిన ఒకటి రెండు చిన్న గుండీలు మాత్రమే ఉండేవి. అన్నీ దీర్ఘచతురస్రాలు, చతురస్రాలుగా కత్తిరించి, చంకల్లో చదరపు ముక్క వేసి, గుడ్డ ఒక్క అంగుళం కూడా వృథా కాకుండా కుట్టేవారు. తొడల వరకు వేలాడే ఆ చొక్కాయే లోదుస్తు కూడా అయ్యేది. ఈ కంపెనీ చొక్కా నడుము దగ్గరే ఆగిపోయింది. అంచులోంచి లాగిన పోగును అగ్గిపుల్లతో ముట్టిస్తున్నాను, చూడండి: కాలడం లేదు, కరిగి నల్లని గట్టి పూసగా ముడుచుకుంది. అంటే పాలియెస్టర్. ఫ్లోరిడా మే నెల ఎండలో దీనిని రోజంతా తొడుక్కోమనడం శిక్షతో సమానం. పైగా శిబిరంలో వంటమంట దగ్గర కూర్చుంటాం; నిప్పురవ్వ పడితే ఈ గుడ్డ చర్మానికి అంటుకుపోతుంది.

ఇప్పుడు థ్రిఫ్ట్ స్టోర్ నుంచి తెచ్చిన చొక్కా చూడండి. నిజానికి ఇది చొక్కా కాదు, నీలం తెలుపు గళ్ళున్న భోజనబల్ల గుడ్డ. ఒక మూల ద్రాక్షసారాయి మరక ఉన్నందువల్ల 4 డాలర్లకు వచ్చింది. గళ్ళే ఎందుకంటారా? 1706లో బ్రిటిష్ నౌకాదళం నావికులకు అమ్మవలసిన దుస్తుల జాబితాను ధరలతో సహా ఖరారు చేసింది. అందులో నీలం తెలుపు గళ్ళ లినెన్ చొక్కా ధర 3 షిల్లింగుల 3 పెన్నీలు. అది నౌకాదళపు జాబితాయే గాని ఓడదొంగలది కాదన్నది నిజమే. అయినా ఆ దొంగల్లో చాలామంది నిన్నటి నావికులే కాబట్టి ఇంతకన్నా మంచి ఆధారం నాకు దొరకలేదు. లేబుల్ మీద లినెన్ 55 శాతం, పత్తి 45 శాతం అని ఉంది. అచ్చమైన లినెన్ కాకపోయినా దీని పోగు ముట్టిస్తే కాగితంలా కాలి మెత్తని బూడిద అయింది. లేబుల్ లేని గుడ్డ తగిలితే కొట్టులో నిప్పు పెట్టలేరు కదా, పిడికిట్లో నలిపి వదలండి. లినెన్ అయితే మడతలు కత్తితో గీసినట్టు నిలిచిపోతాయి. చొక్కాల వరుసలో వెతకడం దండగ. బల్ల గుడ్డలు, పరదాలు, దుప్పట్లు ఉన్న వరుసలోకి వెళ్ళండి. అక్కడ గుడ్డ ఎక్కువ, ధర తక్కువ.

ఇక ఈ వీడియోలో నేను ఎక్కువసేపు ఆగబోయే వస్తువు దగ్గరికి వచ్చాను. ఈ బూడిదరంగు జాకెట్టు ఒకప్పుడు దుప్పటి. అదే 1706 జాబితాలో నావికుడి జాకెట్టు వర్ణన ఇలా ఉంటుంది: ముందే కుదించిన బూడిదరంగు కెర్సీ అనే ముతక ఉన్నిగుడ్డ, ఎర్ర గుడ్డ అస్తరు, 15 ఇత్తడి గుండీలు, రెండు లినెన్ జేబులు, బంగారు రంగు దారంతో కుట్టిన కాజాలు, ధర 10 షిల్లింగుల 6 పెన్నీలు. ముందే కుదించిన అన్న మాటలోనే కిటుకంతా ఉంది. థ్రిఫ్ట్ స్టోర్‌లో 9 డాలర్లకు దొరికిన మిలిటరీ ఉన్ని దుప్పటిని వేడినీళ్ళ వాషింగ్ మెషిన్‌లో తిప్పి, డ్రయర్‌లో బాగా వేడిచేస్తే ఉన్ని పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని గుడ్డ దగ్గరపడుతుంది, దళసరి అవుతుంది, కత్తిరించిన అంచు నుంచి పోగులు ఊడవు. మామూలుగా స్వెట్టర్ పాడైపోయిందని ఏడ్చే పనిని ఇక్కడ కావాలని చేస్తున్నామన్నమాట. నా దుప్పటికి రెండు చోట్ల పురుగు కొట్టింది. ఒక రంధ్రం జేబు కింద దాగిపోయింది. రెండోదానికి మాసిక వేశాను, అది జాకెట్టుకు అందాన్నే తెచ్చింది.

గుండీల విషయం మరీ ముఖ్యం. దుకాణంలో కొత్త ఇత్తడి గుండీలు 15 కొనాలంటే దుప్పటి ధర కన్నా ఎక్కువ అవుతుంది. అందుకే 1980ల నాటి ఆడవాళ్ళ బ్లేజర్లు వేలాడే వరుసకు నేను మొదట వెళతాను. భుజాల్లో దిండ్లు పెట్టి కుట్టిన ఆ కోట్లు ఎవరికీ అక్కరలేదు, కాని వాటి గుండీలు బంగారం. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. గుండీ దానికి అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోకపోయినా తొందరపడకూడదు; గోటితో కొట్టి చూడండి, ప్లాస్టిక్ అయితే మొద్దు చప్పుడు వస్తుంది. నాలుగు రంధ్రాల గుండీ వద్దు, వెనుక కొక్కెం ఉన్నదే కావాలి. లంగరు బొమ్మ ఉన్నవి ఎంత ముద్దొచ్చినా తీసుకోవద్దు. బ్రిటిష్ నౌకాదళంలో అధికారులకైనా యూనిఫారం వచ్చినది 1748లో. 1718 నాటి దొంగ ఒంటిమీద లంగరు గుండీలు కనిపిస్తే శిబిరంలో పెద్దవాళ్ళు నవ్వుతారు. బొమ్మలేని, కాస్త ఉబ్బెత్తుగా ఉన్న గుండీలు రెండు బ్లేజర్ల నుంచి ఊడదీస్తే నాకు 15 సరిగ్గా కుదిరాయి. రెండింటి గుండీల్లో కొంచెం తేడా ఉంది, ఉండనివ్వండి. 1724లో అచ్చయిన ఓడదొంగల చరిత్రలో బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే ఓడదొంగల నాయకుడి ముఠా నియమాలు ఉన్నాయి. పట్టుబడిన ఓడ మీదికి జాబితా ప్రకారం వంతులవారీగా వెళ్ళాలనీ, వెళ్ళినవాడు తన వాటాతో పాటు ఒక జత బట్టలు మార్చుకోవచ్చనీ అందులో ఉంది. అంటే వాళ్ళు వేసుకున్నవి ఇతరులు తొడిగి విడిచినవే, జోడు కుదరనివే. తల నుంచి కాలి వరకు ఒకే నలుపు, ఒకే ఎరుపుతో వచ్చిన ఈ కంపెనీ సెట్ అబద్ధంగా అనిపించడానికి అదీ ఒక కారణం.

తలకు కట్టుకునే రుమాలు దగ్గర తెలుగువాళ్ళుగా మనకు కొంచెం హక్కు ఉంది. ఆన్ బోనీ, మేరీ రీడ్ అనే ఇద్దరు ఆడ ఓడదొంగల మీద 1720 నవంబరులో జమైకాలో జరిగిన విచారణలో, వాళ్ళిద్దరూ మగవాళ్ళ జాకెట్లు, పొడవాటి ప్యాంట్లు వేసుకుని తలలకు రుమాళ్ళు కట్టుకున్నారని వాళ్ళను చూసిన ఒక స్త్రీ సాక్ష్యం చెప్పింది. వాళ్ళ నాయకుడు రాకమ్‌కు కాలికో జాక్ అన్న పేరు కాలికో అనే నూలు బట్టల వల్లనే వచ్చిందంటారు. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. మన తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్టలు ఇంగ్లండులోని నేతగాళ్ళ పొట్టకొడుతున్నాయని చివరికి 1721లో వాటిని ధరించడాన్నే చట్టం చేసి నిషేధించారు. నాకు 2 డాలర్లకు దొరికిన ఈ పూల అచ్చుల నూలు గుడ్డ అంచున భారతదేశంలో తయారైనదని ఉంది. ఏనుగులు, నెమళ్ళు ఉన్నవి పర్యాటకుల కోసం చేసినవి, వదిలేయండి. చిన్న పూల తీగ ఉన్నది ఎంచుకోండి. అమెరికాలో ఉన్న మన ఆడవాళ్ళకు ఒక మాట. ఆ సాక్ష్యం ప్రకారం నడిస్తే మీ సామగ్రి అందరికన్నా చవక: జాకెట్టు, ప్యాంటు, రుమాలు. వెడల్పుగా ఉన్న ఆడవాళ్ళ లినెన్ ప్యాంట్లు ప్రతి థ్రిఫ్ట్ స్టోర్‌లోనూ ఉంటాయి. జిప్పు తీసి గుండీలు వేసి, పిక్కల దాకా కత్తిరిస్తే సరిపోతుంది.

టోపీ గురించి ఎక్కువ చెప్పను. లోగడ ఆన్‌లైన్‌లో కొన్న మూడు మూలల టోపీ ఒకటి మొదటి వానకే అప్పడంలా మెత్తబడింది, కంపెనీ వారు పంపినదీ ఆ జాతిదే. ఆదివారం చర్చికి పెట్టుకునే వెడల్పు అంచుల ఉన్ని ఫెల్టు టోపీ కొని, రిబ్బను పీకి, కెటిల్ ఆవిరి పట్టి అంచులు మడిచి కుట్టండి. పట్టు స్కార్ఫు దొరికితే వదలకండి. 1722 ఫిబ్రవరిలో చనిపోయిన రోజున రాబర్ట్స్ పట్టు పట్టీకి రెండు జతల పిస్తోళ్ళు వేలాడదీసి భుజాన వేసుకున్నాడు. ప్యూటర్ (తగరం కలిసిన మిశ్రమలోహం) లోటాలు కూడా కనిపిస్తాయి. పాతవాటిలో సీసం ఉండవచ్చు కాబట్టి చూపడానికే గాని తాగడానికి వాడవద్దు.

కంపెనీ సెట్‌లో నేను ఉంచుకునేది ఎర్ర నడికట్టు ఒక్కటే, అదీ కత్తెరలు చుట్టి పెట్టుకోవడానికి. మిగిలినది పెట్టెతో సహా అదే థ్రిఫ్ట్ స్టోర్‌కు ఇచ్చేస్తాను, గాస్పరిల్లాకు ఎవరికైనా పనికొస్తుంది. దుప్పటి జాకెట్టుకు మాత్రం 100 డాలర్లు ఇస్తానన్నా ఎవరికీ అమ్మను.

థ్రిఫ్ట్ స్టోర్‌లో నాకు దొరకనివి బూట్లు. మోకాళ్ళ దాకా మడతలు పడే బూట్లు అక్కడ కుప్పలుగా ఉంటాయి కాని ఓడ మీద నావికుడు వాటిని వేసుకోడు. ఆ 1706 నౌకాదళపు జాబితాలో ఉన్నవి 4 షిల్లింగుల గుండ్రని ముక్కు బూట్లు, 3 పెన్నీల ఇత్తడి బకిళ్ళు. మిగిలిన డబ్బంతా ఆ కాలపు పద్ధతిలో కుట్టే చెప్పులవాళ్ళ దగ్గర పెట్టండి. అవి చేతికి వచ్చేదాకా సాదా నల్ల తోలు లోఫర్లతో నెట్టుకురావచ్చు. మేజోళ్ళు మాత్రం బూడిదరంగు ఉన్నివే కొనండి, నైలాన్‌వి వద్దు.