బెర్రీలు తింటే ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందా? పరిశోధనలపై రివ్యూ

ప్రేక్షకులకు నమస్కారం. అధిక బరువు ఉన్నవారిలో బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ వంటి పళ్లు ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే రోగనిరోధక వ్యవస్థ వల్ల శరీరంలో కలిగే వాపు లాంటి ప్రతిచర్యను, తగ్గిస్తాయన్న ప్రచారంలో నిజమెంతో ఈ వీడియోలో పరిశీలిద్దాం.

పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నప్పుడు అందులోకి మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు చేరతాయి. అక్కడి నుంచి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వంటి, ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే పదార్థాలు రక్తంలో కలుస్తాయి. ఐఎల్-6 ప్రభావంతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. జ్వరమూ నొప్పీ లేకుండానే ఏళ్ల తరబడి సాగే ఈ ఇన్‌ఫ్లమేషన్ స్థితిని అంచనా వేయడానికి హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఉంది. బెర్రీలకు ఎరుపు, నీలం రంగులనిచ్చే ఆంథోసయనిన్లు ఈ క్రమాన్ని అడ్డుకుంటాయని ప్రయోగశాలలో కణాల మీద కనిపించింది గాని, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఫలితాలు అంత సూటిగా లేవు.

2010లో అమెరికాలోని లూసియానాలో, పెన్నింగ్టన్ బయోమెడికల్ పరిశోధన కేంద్రంలో, మధుమేహం లేకపోయినా ఇన్సులిన్ సరిగా పనిచేయని 32 మంది ఊబకాయులపై ఒక అధ్యయనం జరిగింది. కొందరికి 22.5 గ్రాముల బ్లూబెర్రీ పొడి కలిపిన స్మూతీని రోజుకు రెండుసార్లు చొప్పున, మిగిలినవారికి ఆ పొడి లేని స్మూతీని 6 వారాల పాటు ఇచ్చారు. బ్లూబెర్రీ తీసుకున్నవారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది; ఇన్‌ఫ్లమేషన్ సూచికలు మాత్రం మారలేదు. ప్రకటనలు చెప్పే కథకు ఇది సరిగ్గా ఎదురు, అందుకే నా దృష్టిలో దీనికి విలువ ఎక్కువ. మేలు జరిగింది, కానీ ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం వల్ల జరిగినట్టు ఆధారం లేదు.

2011లో వెలువడిన స్ట్రాబెర్రీ అధ్యయనం మరో కోణం చూపుతుంది. పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనంతో పాటు స్ట్రాబెర్రీ పానీయం తాగిన అధిక బరువు గలవారిలో, భోజనం తర్వాతి కొన్ని గంటల్లో సీఆర్‌పీ, ఐఎల్-6 పెరుగుదల తక్కువగా నమోదైంది. అయితే ఒక పూట భోజనం తర్వాత కనిపించిన తేడాను దీర్ఘకాలిక స్థితి మారడంగా చెప్పుకోలేము.

2019లో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 115 మందితో 6 నెలలు నడిపిన అధ్యయనంలో, రోజూ 150 గ్రాముల తాజా పళ్లకు సమానమైన బ్లూబెర్రీ పొడి తీసుకున్నవారికి రక్తనాళాల పనితీరు మెరుగైంది, ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం) మాత్రం తగ్గలేదు. దీనికి అమెరికా బ్లూబెర్రీ సాగుదారుల మండలి నిధులు కూడా అందాయన్నది గుర్తుంచుకోవాలి. అంతమాత్రాన ఫలితం తప్పని కాదు.

మన సూపర్‌మార్కెట్లలో దొరికే 125 గ్రాముల డబ్బా ఆ మోతాదుకు ఒక రోజుకే చాలదు. పైగా ఆ ఫలితాలు బెర్రీ పొడితో వచ్చినవి. చక్కెర దట్టించిన స్ట్రాబెర్రీ క్రష్‌కు వాటిని అంటగట్టడం సరికాదు.