హిస్టరీ ఉందా అని అడగండి

(ఇంటర్ పూర్తయిన విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు చీరాలలో ఏర్పాటు చేసిన డిగ్రీ ప్రవేశాల సదస్సులో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఈ హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, ఇంత ఎండలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. మగ్గం ఆపుకుని వచ్చినవాళ్లకు ఇంకో నమస్కారం. ఒక పూట మగ్గం ఆగితే ఇంట్లో ఏమేం ఆగుతాయో ఈ ఊళ్లో ఒకరు చెప్పక్కర్లేదు. నాకంటే ముందు మాట్లాడిన కంప్యూటర్ సైన్సు మేడమ్ గారు, కామర్సు మాస్టారు చక్కగా వివరించారు. ఆ కోర్సులు వద్దని చెప్పడానికి నేను రాలేదు. మా అబ్బాయి కూడా కంప్యూటర్లే చదివాడు.

నాకిచ్చిన విషయం ‘డిగ్రీలో చరిత్ర, రాజనీతి శాస్త్రం, ప్రపంచ అధ్యయనాలు: కోర్సులు, అవకాశాలు’. కోర్సుల సంగతి ముందు చెప్పేస్తాను. నేను అసలు చెప్పాలని వచ్చిన మాట వేరే ఉంది. అది తరవాత.

మొన్నమొన్నటి దాకా బీఏ అంటే మూడు సబ్జెక్టుల గ్రూపు. హెచ్ఈపీ అనేవాళ్లం. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా మూడేళ్లు చదివేవాళ్లు. 2023-24 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. ఒకటి మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు, ఇంకొకటి మైనర్, అంటే దానికి తోడుగా చదివేది. మూడేళ్లకు డిగ్రీ చేతికొస్తుంది, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. అంతకు రెండేళ్ల ముందే, 2021-22లో, డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం అయింది. తెలుగులో చదివి వచ్చిన పిల్లలు కాకతీయుల గురించి ఇంగ్లిష్‌లో రాయాల్సి వచ్చింది. దాని గురించి మాట్లాడితే ఈ పూట చాలదు, వదిలేస్తాను.

ప్రపంచ అధ్యయనాలు అనే పేరుతో డిగ్రీ కోర్సు మన చుట్టుపక్కల నేను చూడలేదు. పొలిటికల్ సైన్సు తీసుకుంటే అందులో అంతర్జాతీయ సంబంధాలు చదువుతారు. ఆ దారిలో పైకి వెళ్లాలంటే ఢిల్లీలో జేఎన్‌యూ, అంటే జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ ఉంది. అక్కడి అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు 1955లో విడి సంస్థగా పుట్టి, తరవాత ఆ యూనివర్సిటీలో కలిసింది. ఈ సబ్జెక్టుకు ప్రపంచంలో మొదటి ప్రొఫెసర్ పదవి పెట్టింది 1919లో, వేల్స్ దేశంలో ఆబెరిస్ట్‌విత్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. కొడుకుల్ని పోగొట్టుకున్న దేశాలు, అసలు ఎందుకు కొట్టుకున్నాం అని కూర్చుని చదవాలనుకున్నాయి. ఆ సబ్జెక్టు పుట్టుక అదీ.

ఇక ఉద్యోగాలు. వెనక వరసలో ఆ నాన్నగారు ఇందాకటి నుంచీ అదే అడుగుతున్నారు. అడగాల్సిన మాటే. బీఈడీ చేసి డీఎస్సీ రాస్తే సోషల్ టీచర్ పోస్టులు, లా, జర్నలిజం, పురావస్తు శాఖ, ఆర్కైవ్స్. గ్రూప్-2 మెయిన్స్‌లో మొదటి పేపరే ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, భారత రాజ్యాంగం. అంటే ఏమిటండీ? డిగ్రీలో మూడేళ్లు నిదానంగా చదవాల్సినదాన్ని, డిగ్రీ అయ్యాక కోచింగ్ సెంటర్లో వేలకు వేలు పోసి, నాలుగు నెలల్లో బట్టీ పడుతున్నారు. పిల్లాడు హిస్టరీ చదవడం మానలేదు. చదివే చోటు మారింది, ఫీజు పెరిగింది, అర్థం చేసుకునే తీరిక పోయింది.

సరే. ఇప్పుడు మిమ్మల్ని మోటుపల్లి తీసుకెళ్తాను.

చీరాల నుంచి దక్షిణంగా వెళ్తే చినగంజాం దగ్గర, సముద్రం ఒడ్డున ఉంది మోటుపల్లి. వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద ఒక శాసనం. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించాడు. సంస్కృతం, తెలుగు రెండూ ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో మా బీఏ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. మా పాలిటిక్స్ మాస్టారు కూడా వచ్చారు. చెప్పులు బయట విప్పి, ఆ స్తంభం చుట్టూ కూర్చున్నాం. అక్షరాల గుంతల్లో ఏళ్ల నాటి దుమ్ము. నేను చదువుతున్నాను, పిల్లలు నోట్‌బుక్కుల్లో రాసుకుంటున్నారు.

అందులో రాజు ఏమంటాడో వినండి. అన్ని ద్వీపాల నుంచి, అన్ని దేశాల నుంచి సముద్రం మీద వచ్చిపోయే వర్తకులకు అభయం ఇస్తున్నాను అంటాడు. పూర్వం రాజులు, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లట. ప్రాణం కంటే డబ్బే గొప్పదనుకుని సముద్రానికి ఎదురెళ్లి వచ్చినవాళ్లు వీళ్లు, కాబట్టి దయతో, పుణ్యం కోసం, కీర్తి కోసం, న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాను అని చెప్పాడు. ఎగుమతి అయినా దిగుమతి అయినా ముప్పయ్యింట ఒక వంతు సుంకం. కింద సరుకుల పట్టీ ఉంది. చందనం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు. చైనా కర్పూరం! ఏడువందల ఎనభై ఏళ్ల కిందట, మన పక్క ఊరి రేవులో! తరవాత కొన్ని దశాబ్దాలకు మార్కోపోలో ఈ రేవు గురించి రాశాడు. ఒక రాణి పాలిస్తోందని, న్యాయంగా పాలిస్తోందని, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని. ఆ రాణి రుద్రమదేవి. ఆ బట్ట నేసింది ఈ తీరపు నేతగాళ్లు.

పట్టీలో పట్టు అన్న మాట రాగానే పేరాల అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. వాళ్లింట్లో రెండు మగ్గాలు. “మాస్టారూ, ముప్పయ్యింట ఒకటంటే నూటికి మూడూ చిల్లరే కదా? మా నాన్న కొనే నూలు మీద నూటికి ఐదు. అయితే రాజుల కాలమే నయమా?”

జీఎస్టీ వచ్చి అప్పటికి ఏడు నెలలు. క్లాసంతా నా మొహం చూస్తోంది. నేను చెప్పాను, “అమ్మా, అది రేవు సుంకం, ఇది వేరే పన్ను. రెండూ ఒకే తక్కెడలో వేయకూడదు. ఆ రోజుల్లో మగ్గానికి విడిగా పన్ను ఉండేది, గానుగకు ఉండేది, భూమికి ఉండేది. అవన్నీ కూడితే కానీ నయమో కాదో చెప్పలేం.” వెంటనే ఇంకో అబ్బాయి, “మరి ఇప్పుడు ఈ ఐదు ఎవరు పెట్టారు సార్? రాజు లేడు కదా,” అన్నాడు. అప్పుడు పాలిటిక్స్ మాస్టారు అందుకున్నారు. 2016లో నూట ఒకటో రాజ్యాంగ సవరణ, 279ఎ అధికరణం, కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్ గురించి చెప్పారు. “మన రాష్ట్ర మంత్రి కూడా అక్కడ ఉంటాడు. అంటే మీ నాన్న అడగాల్సిన మనిషి ఒకడున్నాడు,” అన్నారాయన.

ఆ అమ్మాయి దాన్ని నోట్‌బుక్కులో రాసుకుని, కింద గీత గీసుకుంది. నేను పక్కనే ఉన్నాను, నా కళ్లతో చూశాను.

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. అలాంటి క్లాసు మళ్లీ జరగలేదు. ఒక్క రాయి దగ్గర హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ వచ్చాయి. ప్రపంచ అధ్యయనం కావాలా? చైనా కర్పూరం దగ్గర మొదలుపెట్టండి. అందుకే నాకు సింగిల్ మేజర్ మీద బాధ. ఆ మూడింటినీ కలిపి చదివితేనే ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఇంకో సంగతి. మీరు కూర్చున్న ఈ ఊరు ఏం చేసిందో మీకు తెలుసా? పిల్లలూ, చేతులెత్తండి, చీరాల-పేరాల ఉద్యమం గురించి తెలిసినవాళ్లు. నలుగురు. పెద్దవాళ్లలో? సరే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. నేతపని, కూలిపని చేసుకునేవాళ్లు మాకొద్దీ మునిసిపాలిటీ అన్నారు. పన్ను కట్టనందుకు జైలుకు పంపారు. వెళ్లినవాళ్లలో రావూరి అలమేలు మంగమ్మ అనే ఆవిడ కూడా ఉంది. 1921లో గాంధీగారు వచ్చారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో వేలమంది జనం ఇళ్లకు తాళాలు వేసి, ఊరి బయట రామనగర్ అని పేరు పెట్టుకుని, పాకలు వేసుకుని, ఎండకూ వానకూ పదకొండు నెలలు ఉన్నారు. పదకొండు నెలలండీ! ఊరంటే జనమే, జనం లేకపోతే నీ మునిసిపాలిటీ ఎవరి మీద అని అడిగారు. స్థానిక ప్రభుత్వం అంటే ఏమిటి, పన్ను వేసే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది, ప్రజల సమ్మతి అంటే ఏమిటి? పొలిటికల్ సైన్సు పుస్తకంలో మొదటి మూడు పాఠాలూ ఇవే. పక్కనే వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలు అక్కడ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వెళ్లి చూడండి, చేతులు శుభ్రంగా కడుక్కుని.

ఇన్ని కళ్ల ముందు పెట్టుకుని, ఈ చుట్టుపక్కల పిల్లకు హిస్టరీ చదవడానికి కాలేజీ దొరకడం లేదు. నేను చెప్పాలని వచ్చింది ఇదే.

నేను పనిచేసిన కాలేజీ పేరు చెప్పను. తప్పు ఏ ఒక్కరిదో కాదు. 2023లో, సింగిల్ మేజర్ వచ్చిన మొదటి ఏడు, హిస్టరీ మేజర్‌కు పదకొండు మంది పెట్టుకున్నారు. కనీస సంఖ్యకు చాలదన్నారు. వేరే కోర్సుకు మార్పించమన్నారు. ఈ ఏడు హిస్టరీ నడపడం లేదని ఒక కాయితం తయారైంది. దాని మీద డిపార్టుమెంటు తరఫున సంతకం నాదే. నేను పెట్టకపోయినా ఆగేది కాదు. అయినా పెట్టింది నేనే. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

పదకొండు మందిలో తొమ్మిది మంది మారారు. ఇద్దరు అమ్మాయిలు మారలేదు. ఒకమ్మాయి వేరే ఊరి కాలేజీలో చేరింది. రెండో అమ్మాయిది పల్లెపాలెం. నాన్న చేపల వేటకు వెళ్తాడు. రెండు బస్సులు మారి వెళ్లే కాలేజీ వద్దన్నారు. నేను ఇంటికి వెళ్లి మాట్లాడాను. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చి, “మీ కాలేజీలో ఉంటే పంపేవాళ్లం సార్” అంది. అంతకంటే ఆవిడ ఏమంటుంది? ఆ పిల్ల ఇప్పుడు రొయ్యల షెడ్డులో పనికి వెళ్తోంది. ఇంటర్ సివిక్స్‌లో తొంభై దాటి వచ్చాయి ఆ పిల్లకు.

మరుసటి ఏడు, పిల్లలు ఆన్‌లైన్‌లో కాలేజీ, కోర్సు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో మా కాలేజీ పక్కన హిస్టరీ అనే మాటే లేదు. పిల్లలు దేన్ని ఎంచుకోవాలి? ఏడాది చివర, హిస్టరీకి డిమాండ్ లేదు అని రాసుకున్నారు. విస్తట్లో వడ్డించని కూర ఎవరూ తినలేదు అని రాసుకుంటే ఎలాగండీ?

అమ్మా, నాన్నా, మిమ్మల్నే అడుగుతున్నాను. మీ పిల్లలు ఏం చదవాలో నేను చెప్పను. కాలేజీకి వెళ్లినప్పుడు, కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లను హిస్టరీ ఉందా, పొలిటికల్ సైన్సు ఉందా అని ఒక్కసారి అడగండి. మీ వాడు కామర్సులో చేరినా సరే, అడగండి. మైనర్‌గా ఇస్తారా అని అడగండి. అడిగినవాళ్లు ఇంతమంది అని ఎక్కడో ఒకచోట లెక్క పడాలి. అధ్యాపక మిత్రులారా, ముగ్గురు పిల్లలు ఒక కాలేజీలో, నలుగురు ఇంకో కాలేజీలో పెట్టుకుని ఎక్కడా సంఖ్య చాలక పోతున్నారు. ఆప్షన్లు పెట్టుకోక ముందే ఈ పిల్లలంతా ఒకచోట కలిస్తే, ఒకే కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటే, ఆ కాలేజీలో కోర్సు నిలబడుతుంది. 2023లో నాకు ఈ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. ఈసారి ఆలస్యం కానివ్వను.

తలుపు పక్కన బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. హిస్టరీ గానీ పాలిటిక్స్ గానీ చదవాలనుకునే పిల్లలు పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయండి. ఇంట్లో ఒప్పుకోలేదనుకోండి, అది కూడా రాయండి, నేను వచ్చి మాట్లాడతాను. ఎంతమంది అయితే అంతమందితో ఆప్షన్లు మొదలయ్యే లోపు ప్రిన్సిపాల్ గారి దగ్గరకు నేను వస్తాను.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి బస్టాండులో ఉంటాను. మోటుపల్లి వెళ్తున్నాం. టోపీ, నీళ్ల సీసా, నోట్‌బుక్కు తెచ్చుకోండి. అమ్మానాన్నలు కూడా రావచ్చు.