వీలునామా బాబాయి చేతిలో ఉంది, లెక్క చెప్పడం లేదు. ఏం చేయాలి?

[తెరపై: బ్రాడీపేట వీధి, అద్దె షాపులు]

గుంటూరులో ఒక కుటుంబం అనుకుందాం. నాన్నగారు పోయారు. బ్రాడీపేటలో రెండు షాపులు, కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, బ్యాంకులో డిపాజిట్టు. వీలునామాలో అమలు బాధ్యత బాబాయికి అప్పగించారు, అంటే ఎగ్జిక్యూటర్ ఆయనే. ఏడాదిన్నర దాటింది. అద్దెల సంగతి అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అంటారు. ఆ ఒక్క మాటతో పిల్లల నోళ్లు మూతపడతాయి.

మూతపడనక్కర్లేదు. ఆస్తి ఆయన చేతికిచ్చింది పంచి పెట్టమనే.

[తెరపై: సర్టిఫైడ్ కాపీ]

ముందు కాగితం సంపాదించండి. వీలునామా రిజిస్టరైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. రాసినాయన బతికుండగా బయటివాళ్లకు ఇవ్వరు. పోయాక దరఖాస్తు పెట్టిన ఎవరికైనా ఇవ్వాలి. డెత్ సర్టిఫికెట్ పట్టుకెళ్లండి, బాబాయి సంతకంతో పనిలేదు. పనిలో పనిగా షాపులకు ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయించండి, రిజిస్టరైన అమ్మకమేదైనా జరిగితే తెలిసిపోతుంది.

[తెరపై: 1925, భారత వారసత్వ చట్టం]

మనిషి పోయాక ఏడాది వరకు వాటా ఇచ్చి తీరాలని ఎగ్జిక్యూటర్‌ని పట్టుబట్టలేం. అప్పులు తీర్చాలి, బాకీలు రాబట్టాలి కదా, అది న్యాయమే. ఇక లెక్కల విషయం. ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, ఇచ్చాక 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు అందించాలి. చిక్కల్లా ఇక్కడే. మన వైపు హిందూ కుటుంబాల్లో ప్రొబేట్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ప్రొబేటే లేకపోతే ఈ గడువులు మొదలే కావు. బాబాయికి ఎవరూ గుర్తు చేయరు, చాలామంది వారసులు ఏళ్లు పోగొట్టుకునేది ఇందుకే.

అలాంటప్పుడు లాయరు చేత నోటీసు ఇప్పించండి. ఏ షాపు అద్దె ఎంత, ఏ టిక్కీలు ఎంతకు అమ్మారు, అంటూ ఒక్కొక్కటీ విడిగా అడగాలి. "మొత్తం లెక్క చెప్పండి" అంటే తప్పించుకోవడం తేలిక. పలక్కపోతే సివిల్ కోర్టులో అడ్మినిస్ట్రేషన్ దావా. కోర్టే లెక్కలు తీయించి, అప్పులు పోను మిగిలింది పంచుతుంది. అద్దెలు దారి మళ్లుతున్నాయనుకుంటే రిసీవర్ని, అంటే ఆస్తిని చూసుకునేందుకు కోర్టు నియమించే మనిషిని, వేయమని కోరవచ్చు. ఎగ్జిక్యూటర్ ఆస్తిని దుర్వినియోగం చేసినా, పాడుచేసినా, 368వ సెక్షన్ కింద ఆ నష్టం ఆయనే భరించాలి.

[తెరపై: నేలపాడు, హైకోర్టు]

ఆయన్ని పూర్తిగా తప్పించాలంటే 301వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లాలి. మాట పడకపోవడం సరిపోదు, రుజువులు కావాలి. నా సలహా అడిగితే దీన్ని ఆఖరికి ఉంచుకోండి.

వాటా కోసం ఎగ్జిక్యూటర్ మీద దావాకు 12 ఏళ్ల గడువుంది. టిక్కీలు మాత్రం అంతకాలం ఆగవు, నోటీసులో వాటి సంగతే మొదట రాయించండి.